మడ పూత

పాటు మొదలై గంట దాటింది. పడవ మట్లపాలెం వైపు నుంచి చిన్న కాలువలోకి మళ్ళేసరికి రెండు గట్లూ పైకి లేస్తున్నట్టు కనిపిస్తాయి. లేచేవి గట్లు కావు, దిగేది నీరు. శ్రావణ మాసం. ఎగువన గోదావరికి వరదొచ్చి వారమైంది. ఆ ఎర్ర నీరు గౌతమి పాయలోంచి కోరంగి ఏట్లోకి, అక్కణ్ణుంచి ఈ కాలువల్లోకి ఎక్కింది. చెయ్యి ముంచి నాలిక్కి తగిలించి చూడండి. ఉప్పు ఉందా లేదా అన్నట్టుంది. వైశాఖంలో ఇదే నీరు నోట పెట్టలేరు.

పడవాయన ఇంజను ఆపేశాడు. ఇక్కణ్ణుంచి గెడ వేసి తోసుకుంటూ పోవాల్సిందే. నీరు చాలదు, పైగా వలలు కట్టి ఉన్నాయి. మీరు ముందు బల్ల మీద. వెనక బల్ల మీద, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని, ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. ఊళ్ళో వన సంరక్షణ సమితి పనుల్లో మొదట్నుంచీ ఉన్న మనిషి. పడవాయన "అక్కా" అంటాడు. ఆవిడ అతన్ని "ఏరా" అంటుంది.

"కాసేపు మాటాడకండి," అంటాడతను మీతో. "వినపడతందాండి?"

ముందు ఏమీ వినపడదు. బురదలో పీతలు బొరియలు సర్దుకునే చిటపటలు, ఎక్కడో లకుముకి పిట్ట అరుపు. తరవాత ఒక జోరు. ఒక చోటునుంచి కాదు, తలపైన ఉన్న ఆకులన్నిటి మీంచీ. మీరు పైకి చూస్తారు. ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు. ఇంకా చూడండి. ఆ పచ్చలో అక్కడక్కడ పసుపు, నారింజ చుక్కలు. మడ పూత మీదుంది. ఆ జోరు దాని మీది ఈగలది.

మడ అడవి గురించి రాసినవాళ్ళంతా వేళ్ళ గురించి రాస్తారు, పీతల గురించి రాస్తారు, ఈ మధ్య బావురుపిల్లి గురించి కూడా రాస్తున్నారు. పువ్వు గురించి ఎవరూ రాయరు. తామరకూ కలువకూ మన సాహిత్యంలో ఉన్నంత చోటు మరే నీటి పువ్వుకూ లేదు. మడ పూవుకు ఒక్క పద్యపాదమైనా ఉందేమో నేనైతే చదవలేదు. చూసినవాళ్ళు తక్కువ, అదీ కారణం. ఇది చూడాలంటే బురదలో దిగాలి.

దిగండి. చెప్పులు పడవలోనే వదిలేయాలి, వేసుకుంటే తిరిగి రావు. మొదటి అడుగు మోకాలి దాకా పోతుంది. "మధ్యలో కాదండి, ఏళ్ళ మీద వెయ్యండి కాలు," అంటుందావిడ వెనకనుంచి. ఆవిడ ఏళ్ళంటున్నవి బురదలోంచి నిటారుగా, జానెడేసి ఎత్తున, వేల కొద్దీ పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్ళు. అరికాలికి గట్టిగా తగులుతాయి గానీ గుచ్చుకోవు. ఈ బురదలో గాలి చొరబడదు. మీ కాలు తీసిన గోతిలోంచి వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన దానికి సాక్ష్యం: గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు వదిలే గంధకపు వాయువది. అందుకే మడ తన వేళ్ళను పాటు సమయంలో గాలి తగిలేలా పైకి పంపుతుంది. వాటి ఒంటి మీది సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి గాలి లాగుతుంది. తోటలో చెట్టు మొదట్లో కాస్త మట్టి అదనంగా పడ్డా చాలావరకు తట్టుకుంటుంది. ఇక్కడ ఈ వేళ్ళు పూడిపోయేలా ఒండ్రు పోస్తే మడ చచ్చిపోతుంది.

ముందున్నది తెల్లమడ. ఆకు తిప్పి చూడండి, వెనకవైపు బూడిద పూసిన తెలుపు. నిన్న వాన లేదు కాబట్టి ముందువైపు ఉప్పు కనపడుతుంది: ఎండ పడ్డప్పుడు మెరిసే రవ్వలు. నాలికతో తాకితే తెలుస్తుంది. వేళ్ళ దగ్గరే తొంభై శాతం దాకా ఉప్పును ఆపేసి, తప్పించుకుని లోపలికి వచ్చినదాన్ని ఆకుల మీది గ్రంథుల్లోంచి బయటికి తోసేస్తుంది ఈ చెట్టు. గేదెలకు ఈ ఆకంటే ప్రాణం. అటవీశాఖ వాళ్ళకూ ఊరి వాళ్ళకూ సగం తగాదాలు ఆ గేదెల మీదే.

ఇక పువ్వు. కొమ్మ చివరకు రండి. నాలుగు వైపులా జతలు జతలుగా కూర్చుని బంతి కట్టిన మొగ్గలు, వాటిలో ఇవాళ విచ్చినవి రెండో మూడో. ఒక్కటీ కందిగింజంత ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళైతే పెట్టుకోండి. నాలుగు రేకులు, దళసరివి, చిన్న గొట్టంలోంచి వెనక్కి మడిచినట్టు తెరుచుకున్నాయి. రేకుల మధ్య నాలుగు కేసరాలు. వాటి నడుమ, అండాశయం చుట్టూ, తడి మెరుపు. తేనె అది. లోతులో దాచుకోలేదు, పైనే ఉంది. పొడుగు నాలుక అక్కర్లేదు, బలం అక్కర్లేదు. ఎవరికి ఆకలేస్తే వాళ్ళు వచ్చి తాగొచ్చు.

వస్తున్నారు కూడా. ముందు ఒక కొండ తేనెటీగ: పొడుగ్గా, పొట్ట మీద పసుపూ నలుపూ. గుత్తి మీద వాలి పువ్వు పువ్వుకీ నడుస్తుంది, ఎగరదు. పువ్వులు అంత దగ్గరగా ఉన్నప్పుడు ఎగరడం దండగ. ఒక్కో పువ్వు మీద ఒక్క క్షణం, మూతి దించడం, తీయడం. దాని గడ్డం కింద పసుపు పొడి అంటింది. అది వెళ్ళకముందే ఒక పచ్చ ఈగ, మన ఇంట్లో చికాకు పెట్టే జాతిదే, దర్జాగా వచ్చి కూర్చుంది. తరవాత సన్న నడుము కందిరీగ. రెక్కలు గోరంత ఉన్న నీలి సీతాకోకచిలుక. తేనెటీగ ఒక్కటే పుప్పొడి మోస్తుందని బడిలో నేర్చుకున్నవాళ్ళం, ఈ కొమ్మ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఆ పాఠం సవరించుకుంటాం. ఈగకు తక్కువ మార్కులేమీ పడవు.

ఇప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు పువ్వుల్ని పోల్చండి. ఒకదాంట్లో కేసరాల కొసలు పసుపు, పొడి రాలుతోంది. మధ్యలో కీలాగ్రం ముడుచుకుని ఉంది. ఇంకోదాంట్లో కేసరాలు నల్లబడి వాడాయి, రేకులు ముదురు నారింజకు తిరిగాయి, కీలాగ్రం మాత్రం రెండుగా చీలి తెరుచుకుంది. పువ్వు ఒకటే రకం, వయసే తేడా. మడ పువ్వు ముందు మగపువ్వుగా పుప్పొడి ఇస్తుంది, ఆ పని అయ్యాక ఆడపువ్వై పుప్పొడి పుచ్చుకుంటుంది. ఒకే గుత్తిలో రెండు వయసులవీ ఉంటాయి కాబట్టి, ఇందాకటి తేనెటీగ నడుచుకుంటూ పోవడమే పెళ్ళి జరిపించడం. అదే చెట్టు పుప్పొడి అదే చెట్టుకు చేరినా కాయ పడుతుంది. వేరే చెట్టుది చేరితే రక్తం కలుస్తుంది.

ఈ సంగతులు ఎక్కడివో కావు, ఈ అడవివే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.జె. సాల్మన్ రాజు, ఆయన తోటి పరిశోధకులు ఈ కోరంగి మడల్లోనే మూడు జాతుల మడ పువ్వుల్ని వెంబడించి 2012లో ప్రచురించారు. మూడింటికీ వచ్చే పురుగులు అవే. కాయ పట్టడంలో మాత్రం తేడా: నల్లమడ ముందు, తరవాత తెల్లమడ. తనంతట తాను కాయడంలోనూ నల్లమడదే పైచేయి. అంటే తేనెటీగ రాకపోతే మడ అడవి మర్నాడే గొడ్డుపోతుందని భయపెట్టేవాళ్ళ మాట అంత నిజం కాదు. కాస్త కాస్తుంది. తన పుప్పొడితో తాను ఎన్ని తరాలు కాస్తుంది, ఆ పిల్లలు రేపటి ఉప్పునూ ఎండనూ ఎలా తట్టుకుంటాయి అన్నది అసలు ప్రశ్న. తేనెటీగ విలువ అక్కడుంది. అదే పరిశోధనలో నాకు అన్నిటికంటే నచ్చిన వివరం: మడ పువ్వు అండాశయంలో నాలుగు అండాలుంటాయి, గింజయ్యేది ఒక్కటే.

నల్లమడ కూడా చూడాలంటే పది అడుగులు లోపలికి. దాని పువ్వు తెల్లమడ దానికంటే రెట్టింపు ఉంటుంది, వాసన మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోదగింది కాదు. ఈగలకు అదే ఇష్టం. ఇక పొన్న, వంతెన కాళ్ళలా వేళ్ళు దింపుకుని ఏటి అంచున నిలబడేది, పురుగుల్ని పెద్దగా పట్టించుకోదు. దాని పుప్పొడి ఎక్కువగా గాలి మోస్తుంది. పొన్నకు దగ్గర చుట్టం ఒకటుంది, శాస్త్రజ్ఞులు బ్రుగీరా అంటారు. ఎర్రటి రక్షక పత్రాల గిన్నెలో తలకిందులుగా వేలాడే పువ్వు. దాని ఒక్కొక్క రేకూ కేసరాల జతను బిగించి పట్టుకుని ఉంటుంది. తేనె కోసం పిట్ట ముక్కు పెట్టి అడుగున తాకిందా, రేకు టపీమని విచ్చుకుని పుప్పొడి దాని మొహం మీద కొడుతుంది. గడ్డిపరకతో మీరూ చేసి చూడొచ్చు. చిన్నపిల్లల్ని తీసుకొస్తే ఈ ఒక్క చెట్టు దగ్గరే గంట గడిపేస్తారు. వేసవిలో వచ్చి ఉంటే కాలువ గట్టున ముళ్ళ ఆకుల ఆల్చి పొదలు ఊదారంగు పూలతో కనపడేవి. ఆ పువ్వు బిగువు విప్పాలంటే తుమ్మెదంత బలశాలి కావాలి.

"పూలు చూడ్డం అయిందా అండి?" ఆవిడ పడవెక్కేసింది. "మా కాలవ చూద్దురు గాని రండి."

పడవ ఇంకో మలుపు తిరుగుతుంది. మడ గోడ ఒక్కసారిగా తెగిపోయి, వెనక ఖాళీ. చెట్టు లేదు. మడుల్లేని పొలంలా చదునైన పర్ర, అక్కడక్కడ వాన నీటి మడుగులు, అంచుల్లో ఎర్రగా పచ్చగా ఇలకూర. ఇప్పుడు వానలు కాబట్టి ఇంత బాగా ఉంది. ఎండాకాలంలో ఇదంతా తెల్లగా ఉప్పు పేరి, నడిస్తే కాలికింద పటపటలాడుతుంది.

ఇది పుట్టుకతో పర్ర కాదు. ఒకప్పుడు అడవిని కూపులు కూపులుగా విడగొట్టి, వరసగా నరికించేవారు. వంటచెరకు, కంచెల కర్ర, కొలిమి బొగ్గు. నరికిన చోట మళ్ళీ మొలుస్తుందనుకున్నారు. మొలవలేదు. నీడ పోయిన బురద ఎండకు ఎండి కుంగింది. కుంగిన చోట పళ్ళెంలా పల్లం పడింది. అమావాస్యకో పున్నానికో వచ్చే పెద్ద పోటు నీరు ఆ పల్లంలోకి ఎక్కింది కానీ పాటుకు తిరిగి పోలేదు. నిలిచి ఎండింది. ఉప్పు మిగిలింది. మళ్ళీ పోటు, మళ్ళీ ఎండ, ఇంకాస్త ఉప్పు. సముద్రంలో బతికే చెట్టు కూడా సముద్రానికి రెండింతలు ఉప్పుంటే మొలవదు. చుట్టూ ఉన్న మడలు ఏటా వేల గింజలు ఈ పర్ర మీద పోస్తూనే ఉన్నాయి, అవి ఏటా చస్తూనే ఉన్నాయి.

మొక్కలు నాటితే సరిపోతుందని మొదట అందరూ అనుకున్నదే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్ళు 1990లలో తమిళనాడు పిచ్చావరంలో అటవీశాఖతో కలిసి, నాటడం పక్కనపెట్టి నీటి సంగతి పట్టుకున్నారు. ఏటి నుంచి పర్రలోకి ఏటవాలుగా ఒక పెద్ద కాలువ. దానికి రెండు వైపులా పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లు, ఇంగ్లీషులోనూ ఆ పేరే పెట్టారు. పోటుకు నీరు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది, పోతూ పోతూ ఉప్పు కడుక్కుపోతుంది. ఆ పద్ధతే కృష్ణా, గోదావరి డెల్టాలకు వచ్చింది. ఇక్కడ తవ్వింది యంత్రాలు కాదు, ఈ ఊళ్ళవాళ్ళే.

"మా ఆయనా నేనూ ఒక మొన, మా తోడికోడలు వాళ్ళు ఒక మొన," అంటుందావిడ, గట్టు చూపిస్తూ. "పార దిగితే రాదండి, లాగుద్ది. పాటు మీద తవ్వాలి, పోటొచ్చేలోగా బయటపడాలి. నీళ్ళు వచ్చినియ్యి వచ్చినట్టే పోవాలండి. నిలబడితే మొక్క చచ్చిపోద్ది."

చేప ముల్లు కాలువ పక్కనే పడవ ఆగింది. దీన్ని మాత్రం తీరిగ్గా చూడండి. కాలువ పైన వెడల్పు, అడుగున సన్నం, రెండు వైపులా వాలు. నాటింది ఆ వాలు మీద, అడుగున కాదు, గట్టు మీద కాదు. అడుగున నాటితే నీట మునిగి ఊపిరాడదు. గట్టున నాటితే పోటు అందదు. రోజుకు రెండుసార్లు తడిసి రెండుసార్లు ఆరే ఆ ఒక్క జానెడు ఎత్తే మడకు కావలసింది. కాలువ పొడుగునా ఆ ఎత్తులో ఇప్పుడు చెట్లు, మనిషికి రెట్టింపు, కొన్ని ఇంకా పైకి. వాటి మీదా పూత. వాటి మీదా ఆ జోరు.

ఇక్కడ మీరు చూడాల్సింది ఆ చెట్లను కాదు, వాటి కింద. వాలు దాటి, ఎవరూ నాటని పర్ర వైపు, శ్వాస వేళ్ళ మధ్య వరస లేకుండా చిందరవందరగా లేచిన చిన్న మొక్కలు. జానెడు, మూరెడు. రెండాకులవి కొన్ని. అవి నాటినవి కావు. నాటిన చెట్లు పూసి, ఈగలు ముట్టి, కాయపడి, రాలి మొలిచినవి. మడ తోటను అడవి అనొచ్చో లేదో చెప్పేది ఈ వరస తప్పిన పిల్లలే. నాటిన లెక్క చూపిస్తే నమ్మకండి. పూత చూపించమనండి, పూతకింద పిల్లల్ని చూపించమనండి.

ఇది పట్టుబట్టి అంటున్నాను, కారణముంది. మొక్కలు నాటడం ఫొటోకు బాగుంటుంది. తెల్ల టోపీలు పెట్టుకుని, బురద అంటకుండా పలకల మీద నిలబడి, పొన్న కాడలు వరసగా గుచ్చి, సాయంత్రానికి లక్ష అని చెప్పుకోవచ్చు. పొన్న కాడ మూరెడు పొడుగుంటుంది, గుచ్చడం తేలిక. అందుకని ఎక్కడ చూసినా దాన్నే గుచ్చుతారు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల తరబడి అలా సముద్రం అంచున, మడ ఎన్నడూ పెరగని బురద మేటల మీద గుచ్చినవాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. కేంద్ర ప్రభుత్వం 2023 బడ్జెట్లో మడ అడవులకు మిష్టీ అనే పథకం ప్రకటించింది. మంచిదే. కానీ దాని కింద ఎన్ని మొక్కలు పాతారని అడిగేబదులు ఎన్ని కాలువలు తెరిచారని అడిగితే బాగుంటుంది. కాకినాడ అంచున దుమ్ములపేట దగ్గర 2020లో ఇళ్ళ స్థలాల కోసం మడ నేల చదును చేస్తే ఆ తగాదా జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. ఒకవైపు తవ్వుతూ, ఇంకోవైపు పూడుస్తూ ఉంటే ఏ పథకం ఏం చేస్తుంది?

తీరం కాపాడడం మాటకొస్తే కోరంగి కంటే బాగా తెలిసిన ఊరు లేదు. ఇప్పుడు చేపల పల్లెగా ఉన్న ఈ కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. ఇక్కణ్ణుంచి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకోటి. రెండో దాంట్లో మూడు లక్షల మంది పోయారని ఆనాటి నుంచి రాస్తూ వస్తున్నారు. ఆ అంకెను అలాగే మింగనక్కర్లేదు గానీ, రేవు మళ్ళీ లేవలేదన్నది నిజం. అంత నీటిని ఏ మడా ఆపదు. 1996 నవంబరు 6 తుపాను ఈ డెల్టాను ఎలా కొట్టిందో పడవాయనకు గుర్తుంది. అతని మేనమామ ఆరోజు సముద్రం మీదున్నాడు. మడ చేసేది వేరే పని, రోజూ చేసే పని. అలల ఊపు తగ్గిస్తుంది, గాలి ఊపు తగ్గిస్తుంది, వేళ్ళ మధ్య ఒండ్రు ఆగేలా చేస్తుంది. పైనుంచి గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల, జలాశయాల వెనక ఆగిపోతున్న ఈ రోజుల్లో వచ్చిన కాస్తను పోనివ్వకుండా పట్టుకునే చెయ్యి అది.

నీరు నిలబడింది. పాటు అయిపోయింది. కాలువలో తేలుతున్న ఆకు అటూ ఇటూ కాకుండా ఆగింది. కాసేపటికి అదే ఆకు లోపలివైపు కదిలింది. పోటు తిరిగింది.

పడవ తిరిగే ముందు ఆవిడ ఒక కొమ్మ వంచి కాయ కోసిచ్చింది. ముందుగా పూసిన చెట్టు కాబట్టి అప్పుడే పండింది. పువ్వు నుంచి కాయ పండడానికి నెల చాలు. బాదంకాయను పొట్టిగా నొక్కినట్టు, బూడిద పచ్చ, మెత్తటి నూగు. గోరుతో పైతోలు లాగండి, వచ్చేస్తుంది. లోపల గింజ కాదు, మొక్కే ఉంది. పచ్చటి దళసరి బీజదళాలు ఒకదాన్నొకటి హత్తుకుని మడతపడి, వాటి కొసన వెంట్రుకల్లాంటి నూగుతో చిన్న వేరు మొన. చెట్టు మీద ఉండగానే మొలిచింది, పైతోలు చీల్చుకోలేదంతే. పొన్నలో ఇదే పని బాహాటంగా జరిగి కాడ బయటికి వేలాడుతుంది. మడ లోపల్లోపలే కానిస్తుంది. నిద్ర అనేది ఈ గింజకు లేదు, కంది, పెసరలా డబ్బాలో దాచి వచ్చే ఏడు చల్లడానికి కుదరదు.

మీ చేతిలోది నీళ్ళలో వేయండి. తేలుతుంది. పోటుతో పాటు పిల్ల కాలువలోకి మెల్లగా సాగిపోతుంది. పాటు వేళ రాలిన కాయ అయితే ఇంత ప్రయాణం ఉండదు, తల్లి కిందే బురదలో దిగబడి అక్కడే వేరు పట్టేస్తుంది. పోటు వేళ రాలింది మాత్రం ఎక్కడ నీరు వదిలితే అక్కడికి. గోదావరి వరద నీటితో ఉప్పు పలచబడే ఈ శ్రావణ భాద్రపదాలే దానికి మంచి రోజులు. వేరు పట్టి నాలుగాకులు వేసేసరికి ఉప్పు మళ్ళీ ఎక్కినా తట్టుకుంటుంది.

మీ కాయ పిల్ల కాలువలో పది గజాలు పోయి ఆగిపోయింది. అక్కడ ఒండ్రు మేట వేసింది. మేట మీద ఒక పాలిథిన్ సంచి, తెగిన నైలాన్ వల ముక్క. పోటు నీరు మేట దాటలేక పక్కకు తిరుగుతోంది. దాని అవతల ఉన్న వరసలో చెట్లు పొట్టిగా ఉన్నాయి, పూత లేదు, ఆకు పాలిపోయింది. కాలువ తవ్వేసి వదిలేస్తే సరిపోదు, మూడు నాలుగేళ్ళకొకసారి పూడిక తీస్తూ ఉండాలి. తవ్వడానికి డబ్బిచ్చే ప్రాజెక్టులు పూడిక తీయడానికి ఇవ్వవు.

ఆవిడ పడవ దిగి వల ముక్క లాగుతోంది. సగం బురదలో పాతుకుని ఉంది, రావడం లేదు.

"ఒరే, ఆ గెడ ఇటియ్యి."

"గెడ విరిగిపోద్ది అక్కా. దానికి పార కావాల."

"పార తెచ్చుకుని రేపు రా మరి. మీ తమ్ముణ్ణి కూడా తీసుకురా."

"రేపు ఏటండీ బాబూ, రేపు పోటు పెద్దది. అష్టమికి చూద్దాం, నీరు మందంగా ఉంటది." అతను మీ వైపు తిరిగాడు. "కూలెవరిత్తారో అడగండి అక్కని."

"కూలేంట్రా? నీ వలలో పడే రొయ్యెక్కణ్ణుంచొత్తందనుకున్నావు? తవ్వినప్పుడు కూలిచ్చారు, తీసుకున్నాం. ఇప్పుడు మనదే గదా."

"అందరిదీ అయితే అందరూ రావాల కదక్కా. నేనొక్కణ్ణేనా?"

ఆవిడ జవాబు చెప్పలేదు. వల ముక్క ఒక కొస పైకి లాగి, పక్క చెట్టు కొమ్మకు గట్టిగా ముడేసింది, గుర్తుకు. ఇక్కణ్ణుంచి అంటూ మేట పొడుగు అడుగులతో కొలవడం మొదలుపెట్టింది. పడవాయన చుట్ట వెలిగించుకుంటూ, ఇద్దరు మనుషులకు ఒక పాటు పట్టుద్దంటాడు. కాదు రెండు పాట్లంటుందావిడ.